మిలాన్ నుంచి వెనిస్ కార్నివాల్‌కి రైల్లో: నలుగురు స్టూడెంట్లు ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

మీరు అడిగింది ఇదీ: మిలాన్‌లో మాస్టర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నారు. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, మొత్తం నలుగురు. ముసుగులు, వేషాలతో జరిగే కార్నివాల్ పండగ చివరి శనివారం పొద్దున్నే రైలెక్కి, వెనిస్ చూసుకుని, రాత్రికి తిరిగి మిలాన్ చేరాలని ప్లాన్. మనిషికి 100 యూరోలు చాలా, వేషం వేసుకోవాలా, మీలో ఒకరికి పెర్మెస్సో (ఇటలీలో ఉండటానికి ఇచ్చే అనుమతి) కార్డు ఇంకా రాలేదు, పోస్టాఫీసు రసీదు మాత్రమే ఉంది, దానితో ఇబ్బందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ శనివారం వెళ్లకండి, ఒకే రోజులో తిరిగి రావాలని పెట్టుకోకండి. గురువారం సాయంత్రం బయల్దేరి, వెనిస్‌కి అరగంట దూరంలో ఉన్న పాదోవాలో రాత్రి పడుకోండి. శుక్రవారం తెల్లవారకముందే రీజనల్ రైలెక్కి, 7 గంటల ప్రాంతంలో వెనిస్ నడిబొడ్డున సాన్ మార్కో చౌకులో ఉండండి. 100 యూరోలు బొటాబొటిగా సరిపోతాయి, 120 చేతిలో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. రసీదు ఉన్న ఫ్రెండ్‌కి ఇటలీ లోపల ఏ ఇబ్బందీ లేదు. వేషం తప్పనిసరి కాదు, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను 2017 చివర్లో పాదోవాకి చదువుకోవడానికి వచ్చాను. ఉద్యోగం కూడా ఇక్కడే దొరికింది. ప్రతి ఫిబ్రవరిలో మన పిల్లలు ఎవరో ఒకరు ఇంటికొచ్చి దిగుతారు, వాళ్లను తీసుకుని వెనిస్ వెళ్తుంటాను. మొదటిసారి మాత్రం మీరు అనుకుంటున్నట్టే వెళ్లి చాలా ఇబ్బంది పడ్డాం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అది 2018, చివరి శనివారం. ఆరుగురం. ముందురోజు పరీక్ష అయిపోయిందన్న సంతోషంలో రాత్రి రెండింటిదాకా కబుర్లు చెప్పుకుని, లేచేసరికి తొమ్మిదయింది. పాదోవాలో రైలెక్కితే తలుపు దగ్గర నిలబడటానికి కూడా చోటు లేదు. వెనిస్‌లో దిగాక రియాల్తో వంతెన చేరడానికే గంట దాటింది. పోలీసులు సన్న సందులన్నిటినీ నడిచేవాళ్లకు వన్‌వే చేసేశారు, వెనక్కి తిరగడానికి లేదు. ఆ తోపులాటలో మా ఫ్రెండ్ ఒకడు విడిపోయాడు. చలికి అతని ఫోన్ బ్యాటరీ పడిపోయింది. ఎక్కడ కలుసుకోవాలో ముందుగా అనుకోలేదు. సాయంత్రమంతా కార్నివాల్ చూడకుండా అతన్నే వెతికాం. రాత్రి ఎప్పటికో స్టేషన్ దగ్గర దొరికాడు, అప్పటికి ఆఖరి రైలు వెళ్లిపోయింది. తెల్లవారే రైలు దాకా స్టేషన్ బయట మెట్ల మీద, కాలువ మీంచి వచ్చే చలిగాలిలో ఆరుగురం ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. ఒకమ్మాయికి జ్వరం వచ్చి వారం రోజులు లేవలేదు.

శనివారం ఎందుకంత కష్టమో చెప్తాను. పాత వెనిస్ నగరంలో ఇప్పుడు కాపురం ఉంటున్నవాళ్లు 50 వేల మంది కూడా లేరు. ఊరంతా దీవులు, మధ్యలో పెద్ద కాలువ. ఆ కాలువ మీద వంతెనలు నాలుగే: స్కాల్జి, కోస్తితుజోనే, రియాల్తో, అకాదేమియా. స్టేషన్లో దిగినవాళ్లలో చాలామంది నడిచేది సాన్ మార్కో వైపే, వెళ్లే దారులు కూడా దాదాపు అవే. ఇద్దరు ఎదురైతే భుజాలు రాసుకునే సందుల్లో వేలమంది నడుస్తారు. మన పుష్కరాల్లో ఘాట్‌కి వెళ్లే దారి చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

తేదీల సంగతి. కార్నివాల్ తేదీ ప్రతి ఏడూ మారుతుంది, ఈస్టర్‌ని బట్టి లెక్క. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలం ఉంటుంది కదా, మన దగ్గర క్రైస్తవులు శ్రమ దినాలు అంటారు. అది భస్మ బుధవారంతో మొదలవుతుంది. దానికి ముందురోజు మంగళవారమే కార్నివాల్ ఆఖరు, ఇటాలియన్‌లో మార్తెదీ గ్రాస్సో. ఉపవాసాలు మొదలయ్యేలోగా ఇంట్లో ఉన్న మాంసం, నెయ్యి, తీపి అంతా తినేసే రోజు కాబట్టి కొవ్వు మంగళవారం అని పేరు. 2027లో అది ఫిబ్రవరి 9న, 2028లో ఫిబ్రవరి 29న వస్తుంది. దానికి ముందు వచ్చే గురువారం జొవెదీ గ్రాస్సో. ఆ గురువారం నుంచి మంగళవారం దాకా అసలు సందడి.

మీకు శుక్రవారం సెలవు పెట్టడం కుదరకపోతే, చివరి వారాంతం కాకుండా మొదటి వారాంతం వెళ్లండి. కార్నివాల్ రెండు మూడు వారాలు నడుస్తుంది. సాధారణంగా మొదటి వారాంతంలో స్థానిక పడవ సంఘాల వాళ్లు వేషాలు వేసుకుని, తెడ్లు వేస్తూ కాలువలో ఊరేగుతారు. ఆ ఊరేగింపులో అట్టతో చేసిన ఒక పెద్ద ఎలుక బొమ్మ ఉంటుంది. ఊరివాళ్లు తమ కోసం తాము చేసుకునే పండగ అది, నాకు చాలా ఇష్టం. చూడటానికి డబ్బులు కట్టనక్కర్లేదు. ఒక్క ముక్క: ఫిబ్రవరి అంటే మీ యూనివర్సిటీలో చలికాలపు పరీక్షల సీజన్. నలుగురి పరీక్షల తేదీలు చూసుకున్నాకే టికెట్లు కొనండి. ముందే కొన్న చవక టికెట్‌కి చాలాసార్లు డబ్బు వెనక్కి రాదు.

ఇక రైళ్లు. అసలు చిక్కులన్నీ ఇక్కడే వస్తాయి.

మిలానో చెంత్రాలే నుంచి వెనిస్‌కి ఫ్రెచ్చారోస్సా, ఇటాలో లాంటి ఫాస్ట్ రైళ్లలో రెండున్నర గంటల లోపే. ఇవన్నీ పాదోవాలో ఆగే వెళ్తాయి. టికెట్ ధర విమానం టికెట్‌లాగా రోజురోజుకీ మారుతుంది. నెల ముందు కొన్నప్పుడు 20 యూరోలకు అటూఇటూగా నాకు దొరికాయి, కార్నివాల్ వారంలో కొంటే అదే సీటు రెండింతలు దాటింది. 30 ఏళ్ల లోపు వాళ్లకు యువత ధరలు ఉంటాయి, కొనేముందు ఆ కార్డు ఉచితంగా తీసుకుని చూడండి. రెండో దారి రీజనల్ రైళ్లు. మిలాన్ నుంచి వెరోనా దాకా ఒకటి, వెరోనాలో మారి ఇంకొకటి. మొత్తం మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. వీటి ధర ఎప్పుడు కొన్నా ఒక్కటే, సీటు నంబరు ఉండదు. చివరి నిమిషంలో ప్లాన్ చేసుకునేవాళ్లకు ఇదే దిక్కు.

పాదోవా నుంచి వెనిస్ రీజనల్ వెలోచె (తక్కువ చోట్ల ఆగే రీజనల్) రైల్లో అరగంట లోపే. ధర 5 యూరోలకు అటూఇటూ. గంటకు కొన్ని రైళ్లు ఉంటాయి. పాదోవాలో పడుకోమని చెప్పడానికి ఒక కారణం ఇది. రెండో కారణం గది ధర. కార్నివాల్ వారంలో వెనిస్ లోపల హోటల్ స్టూడెంట్లు పెట్టే ధరలో ఉండదు. వెనిస్‌కి ఇవతల ఒడ్డు మీదున్న మెస్త్రేలో పెద్ద హాస్టళ్లు ఉన్నాయి, అవీ బాగానే ఉంటాయి, కానీ ఆ వారం ముందుగా నిండిపోతాయి. పాదోవాలో ఆలస్యంగా వెతికినా మనిషికి 30, 35 యూరోలకు మంచం దొరుకుతుంది. పైగా అది 1222లో మొదలైన యూనివర్సిటీ ఉన్న ఊరు, గెలీలియో పాఠాలు చెప్పిన చోటు. రాత్రి పదింటికి కూడా స్టూడెంట్లు వీధుల్లో కూర్చుని ఉంటారు, అమ్మాయిలు నడిచి రావడానికి భయం ఉండదు.

ఏ స్టేషన్లో దిగాలి: వెనిస్‌కి రెండు స్టేషన్లు. మొదట వెనేజియా మెస్త్రే వస్తుంది. అది ఒడ్డు మీద ఉన్న మామూలు ఊరు. "వెనేజియా" అని అనౌన్స్‌మెంట్ వినగానే కంగారుగా దిగిపోయేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాను. దిగకండి. ఆఖరి స్టేషన్ వెనేజియా సాంతా లూచియా. ఈ రెండింటికీ మధ్య రైలు లగూన్ (తీరానికి ఆనుకున్న లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు) మీద మూడున్నర కిలోమీటర్లకు పైగా వంతెన మీద వెళ్తుంది. ఆ రైలు వంతెన 1846లో కట్టారు. అంతకుముందు పడవ తప్ప దారి లేని ఊరు ఇది. తెల్లవారుజామున ఆ వంతెన మీద రెండు వైపులా నీళ్లు, మంచు, దూరంగా ఒక్కొక్కటే తేలి వచ్చే గంటగోపురాలు కనిపిస్తాయి. ఫోన్ పక్కన పెట్టి కిటికీ దగ్గర కూర్చోండి.

టికెట్‌ని చెల్లుబాటు చేసుకోవడం మర్చిపోకండి. మనవాళ్లు ఎక్కువగా జరిమానా కట్టేది ఇక్కడే. రీజనల్ రైలుకి కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న మెషిన్లో పెట్టి స్టాంపు కొట్టుకోవాలి. స్టాంపు పడ్డాక 4 గంటలు చెల్లుతుంది. ఫోన్లో కొంటే, ఎక్కేముందు యాప్‌లో చెకిన్ నొక్కాలి. డబ్బు కట్టాం కదా అంటే సరిపోదు, స్టాంపు లేని టికెట్ టికెట్ లేనట్టే లెక్క. మా జూనియర్ ఒకమ్మాయి జేబులో టికెట్ ఉండి కూడా జరిమానా కట్టి ఏడ్చుకుంటూ వచ్చింది. ఫాస్ట్ రైళ్లకు ఈ గొడవ లేదు, కానీ ఆ టికెట్ ఆ ఒక్క రైలుకే.

ఇంకొకటి. నలుగురి టికెట్లూ ఒకరి ఫోన్లోనే ఉంచకండి. ఎవరిది వాళ్ల దగ్గర ఉండాలి, కనీసం స్క్రీన్‌షాట్ అయినా. గుంపులో విడిపోతే ఫోన్ లేనివాడు రైలెక్కలేడు.

తిరుగు ప్రయాణంలో రీజనల్ రైల్లో పాదోవా వచ్చి, అక్కడ ఫాస్ట్ రైలు పట్టుకోవాలనుకుంటే, మధ్యలో కనీసం గంట వ్యవధి ఉంచండి. రెండూ వేర్వేరుగా కొన్న టికెట్లు కాబట్టి మొదటి రైలు ఆలస్యమైతే రెండోదాని డబ్బు పోయినట్టే.

షోపెరో, అంటే సమ్మె. రైల్వే సమ్మెలు ఇక్కడ తరచుగా జరుగుతాయి, చాలాసార్లు శుక్రవారాలే పెట్టుకుంటారు. తేదీ ముందే ప్రకటిస్తారు, రవాణా మంత్రిత్వ శాఖ సైట్లో జాబితా ఉంటుంది. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రీజనల్ రైళ్లు కొన్ని తప్పకుండా నడపాలన్న నియమం ఉంది. ఆదివారాలకూ పండగలకూ ఈ నియమం వర్తించదు. నేను చెప్పిన తెల్లవారుజాము ప్లాన్‌లో 6 తర్వాతి రైలు పట్టుకుంటే సమ్మె రోజైనా చాలావరకు గట్టెక్కుతారు.

ఇప్పుడు పెర్మెస్సో సంగతి. మీ ఫ్రెండ్ దగ్గరున్న పోస్టాఫీసు రసీదు, పాస్‌పోర్టు రెండూ ఒరిజినల్స్ పెట్టుకోవాలి. ఇటలీ లోపల ఎక్కడికైనా రైల్లో తిరగొచ్చు. ఫోన్లో కొన్న టికెట్లు పేరు మీద ఉంటాయి కాబట్టి గుర్తింపు చూపించమని అడుగుతారు. ఫొటో కాపీ మీద ఆధారపడకండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను: "ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం, అటునుంచి ఆస్ట్రియా కూడా చూసొద్దాం" అని దారిలో ప్లాన్ మార్చకండి. వీసా గడువు అయిపోయి రసీదు మాత్రమే ఉన్నవాళ్లు ఇంకో షెంజెన్ దేశంలోకి వెళ్లడానికి అది చెల్లదు. ఫ్రెండ్స్ బలవంతం చేస్తే మొహమాటపడి వెళ్లినవాళ్లు ఉన్నారు. మీ నలుగురిలో ఎవరూ ఆ అబ్బాయిని గానీ అమ్మాయిని గానీ ఆ పరిస్థితిలో పెట్టకండి.

తెల్లవారుజామునే ఎందుకు వెళ్లమంటున్నానంటే, కార్నివాల్‌లో నిజంగా చూడాల్సింది అప్పుడే కనబడుతుంది. నెలల తరబడి చేత్తో కుట్టుకున్న పట్టు, మఖమల్ దుస్తులు వేసుకునే వాళ్లు ఫ్రాన్స్, జర్మనీల నుంచి కూడా వస్తారు. వెలుతురు మెత్తగా ఉన్నప్పుడు, జనం లేనప్పుడు వాళ్లు సాన్ మార్కో దగ్గర గొండోలాలు కట్టేసే గట్టు మీదకి వస్తారు. ఒకసారి ఫిబ్రవరి పొద్దున పొగమంచులో, ఎదుటి దీవి మీద సాన్ జోర్జో చర్చి కూడా సరిగా కనపడని వెలుతురులో, తెల్లటి ముసుగుతో ఒకావిడ మెల్లగా నడిచి వచ్చి మా ముందు ఆగింది. ముసుగు వేసుకున్నాక వాళ్లలో చాలామంది మాట్లాడరు. చేతులతోనే పలకరిస్తారు, తల వంచి నమస్కారం పెడతారు. మాతో వచ్చిన అమ్మాయి తెలియకుండానే చేతులు జోడించింది. ఆవిడ కూడా ఒక్క క్షణం ఆగి అలాగే చేతులు జోడించింది. ఫొటో తీసుకోవచ్చా అని సైగ చేస్తే నిలబడతారు, డబ్బులు అడగరు. తీసుకున్నాక ధన్యవాదంగా తల వంచండి. బట్టలు పట్టుకుని చూడటం, భుజం మీద చెయ్యి వేయడం మాత్రం వద్దు.

ముసుగుల వెనక కథ తెలిస్తే ఇంకా బాగుంటుంది. వెనిస్ రిపబ్లిక్ రోజుల్లోనే ముసుగులు చేసేవాళ్లకు ప్రత్యేక వృత్తి సంఘం ఉండేది, 1436 నాటి నిబంధనావళి ఉంది. తెల్లటి ముఖం, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డంలాంటి కింది భాగం ఉన్నది బౌతా. కింద ఖాళీ ఉంటుంది కాబట్టి ముసుగు తీయకుండానే తిని, తాగొచ్చు, గొంతు కూడా మారిపోతుంది. దాని మీద నల్ల అంగీ, మూడు మూలల టోపీ పెట్టుకుంటే దొర ఎవరో, నౌకరు ఎవరో తెలియదు. అందుకే ఆ ముసుగుకి అంత విలువ. కొంగ ముక్కులాంటిది ప్లేగు వైద్యుడి ముసుగు. ఆ పొడుగు ముక్కులో సుగంధ మూలికలు పెట్టుకుని రోగుల దగ్గరికి వెళ్లేవారు. 1797లో నెపోలియన్ చేతిలో రిపబ్లిక్ పడిపోయాక ఈ పండగ చాలాకాలం మూలపడింది. ఇప్పుడు మనం చూస్తున్న కార్నివాల్‌ని 1979లో తిరిగి మొదలుపెట్టారు. అంటే మీ అమ్మానాన్నల వయసు ఉంటుందేమో.

వేషం వేసుకోవాలా? మొత్తం వేషం అద్దెకు తీసుకుంటే రోజుకి వంద యూరోలు దాటిపోతుంది, మీకు అక్కర్లేదు. ఒక మంచి ముసుగు చాలు. స్టేషన్ ముందు బండ్ల మీద 5 యూరోలకు దొరికేవి ప్లాస్టిక్‌వి, బయటినుంచి దిగుమతి అయ్యేవి. అట్టగుజ్జుతో చేత్తో చేసే దుకాణాలు సందుల్లో ఇంకా ఉన్నాయి. పనివాడు లోపల కూర్చుని రంగు వేస్తూ కనిపిస్తాడు. చిన్నవి 25, 30 యూరోల నుంచి ఉంటాయి. నలుగురూ నాలుగు చవకవి కొనే బదులు, ఒకటి మంచిది కొని మార్చి మార్చి పెట్టుకోండి. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక బొమ్మ చేసేవాళ్ల కష్టం తెలిసినవాళ్లం కదా, ఆ ధర ఎందుకో మనకు అర్థమవుతుంది.

మీ ఇద్దరమ్మాయిల దగ్గర పట్టుచీర గానీ లంగా ఓణీ గానీ ఉంటే తెచ్చుకోమనండి. మాటవరసకి అంటున్నది కాదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎర్ర అంచు ఉన్న ఆకుపచ్చ కంచిపట్టు చీర కట్టుకుని, కళ్ల దాకా వచ్చే సగం ముసుగు పెట్టుకుంటే, పెద్ద పెద్ద కెమెరాల వాళ్లు వరసలో నిలబడి ఫొటోలు తీశారు. లోపల థర్మల్స్, రెండు జతల సాక్సులు తప్పనిసరి. ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత పొద్దున సున్నాకి దగ్గరగా ఉంటుంది, తేమతో చలి ఎముకల్లోకి దిగుతుంది. కుచ్చిళ్లు మడమ పైకి కట్టుకోవాలి, నేల తడిగా ఉంటుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో సముద్రం పోటు మీద ఉన్నప్పుడు సాన్ మార్కోలోకి నీళ్లు వస్తాయి. 2020 నుంచి మోసే అనే కదిలే గేట్లు పనిచేస్తున్నాయి కాబట్టి పెద్ద ముంపులు తగ్గాయి. కానీ ఆ గేట్లను సాధారణంగా పోటు 110 సెంటీమీటర్లకు చేరుతుందని అంచనా ఉన్నప్పుడే లేపుతారు. సాన్ మార్కో ఊళ్లోనే పల్లపు చోటు, అంతకంటే తక్కువకే తడుస్తుంది. నగరపాలక సంస్థ రోజూ పోటు అంచనా ఇస్తుంది, ముందురోజు రాత్రి చూసుకోండి. నీళ్లు దిగే బూట్లు వేసుకోకండి, అంతే.

స్టేషన్ నుంచి సాన్ మార్కోకి పొద్దున నడిస్తే 35, 40 నిమిషాలు. గోడల మీద పసుపు బోర్డులు ఉంటాయి, "పెర్ సాన్ మార్కో", "పెర్ రియాల్తో" అని. వచ్చేటప్పుడు "అల్లా ఫెర్రొవియా" అంటే స్టేషన్ వైపు. ఆ సందుల్లో ఫోన్ మ్యాప్ దారి తప్పిస్తుంది, బోర్డులనే నమ్మండి. వపోరెత్తో పడవలో ఒక్కసారి ఎక్కడానికి 9.50 యూరోలు. మీ బడ్జెట్‌కి నడకే మేలు. ఒక్కసారైనా ఎక్కాలనిపిస్తే పొద్దున్నే ఒకటో నంబరు పడవలో పెద్ద కాలువంతా చూస్తూ వెళ్లండి, అప్పుడు ముందు సీటు దొరుకుతుంది. రోజు సందర్శకులకు వెనిస్‌లో ప్రవేశ రుసుం పెట్టారని విని ఉంటారు. అది 2024లో మొదలైంది, ఇప్పటిదాకా వసంతం, వేసవి తేదీలకే పెట్టారు, కార్నివాల్‌కి కాదు. అయినా వెళ్లేముందు నగర అధికారిక సైట్లో ఒకసారి చూసుకోండి.

తిండి గురించి. హాస్టల్లో వంటగది ఉంటే ముందురోజు రాత్రి నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకోండి. చలికి పాడవదు. మేం ప్రతిసారీ అదే చేస్తాం. కానీ సాన్ మార్కోలో, వంతెనల మెట్ల మీద కూర్చుని తినకండి, జరిమానా వేస్తారు. సాన్ మార్కో నుంచి నీటి ఒడ్డునే తూర్పు వైపు 20 నిమిషాలు నడిస్తే జార్దీని, ఇంకాస్త ముందుకెళ్తే సాంత్ ఎలెనా పార్కు వస్తాయి. బెంచీలు, చెట్లు ఉంటాయి, జనం పలచబడతారు, ఊరివాళ్ల పిల్లలు చిన్న చిన్న వేషాల్లో రంగుకాగితాల ముక్కలు చల్లుకుంటూ ఉంటారు. ఆ ముక్కల్ని కోరియాందొలి అంటారు. మధ్యాహ్నం సాన్ మార్కో కిక్కిరిసి ఉన్న మూడు గంటలూ ఇక్కడే గడపండి.

కార్నివాల్ రోజుల్లోనే దొరికే తీపి రెండు తప్పక తినండి. ఫ్రిత్తెల్లె అనేవి నిమ్మకాయంత ఉండే వేయించిన ఉండలు, లోపల ఎండుద్రాక్ష ఉంటుంది. గలాని అంటే మన మడత కాజాని ఇంకా పల్చగా ఒత్తి, పాకంలో వేయకుండా పైన చక్కెర పొడి చల్లినట్టు ఉంటుంది, మిలాన్‌లో మీరు వాటినే క్యాక్యెరె పేరుతో చూసి ఉంటారు. రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. జబాయోనె క్రీమ్ నింపిన ఫ్రిత్తెల్లెలో వైన్ పడుతుంది, మిగతావాటి పిండిలో కూడా చాలాసార్లు మందు కలుపుతారు, ముట్టనివాళ్లు అడిగి తినండి. కాఫీ ఎక్కడైనా కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే ధర పెరుగుతుంది. సాన్ మార్కోలో వాద్యబృందం ఉన్న కెఫేలలో అయితే సంగీతానికి కూడా వేరే డబ్బు తీసుకుంటారు.

తిరుగు ప్రయాణం గురించి నా పట్టుదల ఒకటే: మధ్యాహ్నం 4 లోపు స్టేషన్‌కి చేరండి, లేదా రాత్రి 9 దాకా ఆగండి. మధ్యలో వద్దు. రోజంతా వచ్చినవాళ్లంతా ఒకేసారి వెనక్కి వెళ్లే సమయం అది. మిలాన్‌కి ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసుకుని ఆగండి, అర్ధరాత్రి దాటాక అయితే ఏ రైళ్లూ ఉండవనే అనుకోండి. విడిపోతే ఎక్కడ కలవాలో పొద్దున రైల్లో ఉండగానే నిర్ణయించుకోండి. సాన్ మార్కో గంటగోపురం కింద అని మాత్రం అనుకోకండి, అందరూ అక్కడే నిలబడతారు. మేం స్టేషన్ ఎదురుగా, కాలువ అవతల ఆకుపచ్చ గుమ్మటం ఉన్న సాన్ సిమియోనె చర్చి మెట్లు పెట్టుకుంటాం. స్టేషన్ బయటికి రాగానే కనిపిస్తుంది, ఎవరూ తప్పిపోరు.

మీ 100 యూరోల లెక్క: మిలాన్ నుంచి రానూపోనూ 40 నుంచి 45, పాదోవా వెనిస్ రానూపోనూ 10, మంచం 30 నుంచి 35, తిండికి, కాఫీలకి 15. ఇక్కడికే 100 దాటే అవకాశం ఉంది. ముసుగు, పబ్లిక్ టాయిలెట్ ఖర్చు పైన. అందుకే 120 అన్నాను. డబ్బు తక్కువున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వెళ్లేముందే మాట్లాడుకోండి. దారిలో "మీరు తినండి, నాకు ఆకలి లేదు" అని ఒకరు అనే పరిస్థితి రాకూడదు. మా ఆరుగురిలో ఆ రోజు ఒకరు అలాగే అన్నారు, మాకు మరుసటి నెలకి గానీ తెలియలేదు.

వెనిస్ కుదరకపోతే వేరే ఊళ్లు కూడా ఉన్నాయి. వియరెజ్జో కార్నివాల్ 1873 నుంచి జరుగుతోంది, సముద్రం ఒడ్డున మూడు నాలుగు అంతస్తుల ఎత్తున్న అట్టబొమ్మల రథాలు కదులుతాయి, రాజకీయ నాయకుల మీద వ్యంగ్యం ఉంటుంది. మిలాన్ నుంచి దూరం, టికెట్ కూడా 20 యూరోలు దాటుతుంది. మీకు దగ్గరైంది ఇవ్రెయా. తొరీనో నుంచి రైల్లో గంట. ఆఖరి ఆదివారం, సోమవారం, మంగళవారం అక్కడ నారింజల యుద్ధం జరుగుతుంది. నేల మీద తొమ్మిది జట్లు, గుర్రపు బండ్ల మీద నిరంకుశుడి సైనికుల వేషంలో ఇంకొందరు. ఊరి దొర అకృత్యాన్ని ఎదిరించిన మిల్లువాడి కూతురి జ్ఞాపకంగా ఈ పోరు. చూసేవాళ్లు ఎర్ర టోపీ పెట్టుకోవాలి, నేను ఆటలో లేను అని చెప్పే గుర్తు అది. వల వెనకాలే నిలబడండి. నేనొకసారి ఫొటో కోసం వల దాటి చెవి మీద దెబ్బ తిన్నాను, రెండు రోజులు నొప్పి తగ్గలేదు. నారింజ గుజ్జుతో నేల జారుతుంది, పాత బూట్లు వేసుకోండి. అక్కడ పంచే చిక్కుడుగింజల కూరలో పంది మాంసం ఉంటుంది, శాకాహారులు అడిగి తినండి.

మిలాన్‌లో చదువుతున్న మీకు ఒక వెసులుబాటు కూడా ఉంది. మీ ఊరు సెయింట్ ఆంబ్రోస్ సంప్రదాయం ప్రకారం నడుస్తుంది, అక్కడ కార్నివాల్ మంగళవారం కాకుండా ఆ తర్వాతి శనివారంతో ముగుస్తుంది. అంటే వెనిస్ చూసొచ్చాక కూడా దువోమో చౌకులో ఇంకో పూట సందడి మిగిలే ఉంటుంది.

పరీక్షల తేదీలు తెలిశాక మీ నలుగురూ ఏ గురువారం అనుకున్నారో ఇక్కడే రాయండి. ఆ వారం షోపెరో ఉందో లేదో, పోటు ఎలా ఉంటుందో చూసి చెప్తాను. పాదోవా స్టేషన్‌కి రాత్రి పది దాటాక చేరేలా ఉంటే అదీ చెప్పండి, నేనో మా ఇంట్లో ఉన్న తమ్ముళ్లలో ఒకరో వచ్చి హాస్టల్ దాకా తోడుంటాం.